రిమార్కుల కాలమ్

నాదర్‌గుల్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాడికి నీళ్ల కరువు రావచ్చు గానీ నంబర్ల కరువు మాత్రం రాదు. లేఅవుట్ కాగితంలో ప్లాట్ నంబరు. సేల్‌డీడ్‌లో సర్వే నంబరు, దాని పక్కన గీత గీసి ఇంకో నంబరు. కరెంటు బిల్లు మీద సర్వీస్ నంబరు, నల్లా బిల్లు మీద క్యాన్ నంబరు, ఇంటిపన్ను రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు. ఇవి చాలవన్నట్టు గేటు పక్క గోడ మీద ఎవరో ఏదో సర్వేకి వచ్చి ఎర్ర రంగుతో రాసిపోయిన నంబరు. ఆ సర్వే ఎవరిదో, ఆ నంబరు దేనికో వీధిలో ఎవరికీ తెలీదు. అయినా సున్నం వేయించినప్పుడల్లా దాన్ని తప్పించే వేయిస్తాం. రేపెవరైనా వచ్చి అడిగితే?

ఈ నంబర్లలో ఏ రెండింటికీ ముఖపరిచయం లేదు. పైగా నేను ఇల్లు కదల్చకపోయినా ఊరు ఊరుకోలేదు. పంచాయతీగా ఉన్న నాదర్‌గుల్ బడంగ్‌పేటలో కలిసింది. బడంగ్‌పేట కొన్నాళ్లు మున్సిపాలిటీగా ఉండి, తర్వాత కార్పొరేషన్ అయింది. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థల్ని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపినప్పుడు అదీ వెళ్లి అందులో కలిసింది. మండలం కథ వేరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు మాకు సరూర్‌నగర్ మండలం పోయి బాలాపూర్ మండలం వచ్చింది. మా ఆధార్ కార్డుల్లో నాదొక మండలం, మా ఆవిడదొక మండలం. పాతికేళ్లుగా ఒకే గుమ్మంలోంచి వస్తూ పోతున్నాం. పార్సిల్ తెచ్చే కుర్రాడు మాత్రం ఈ గొడవలోకి దిగడు. ఫోన్ చేసి, "అంకుల్, గా నంబర్లన్నీ వద్దు, లొకేషన్ పెట్టుండ్రి" అంటాడు.

కాబట్టి మా హెచ్‌ఓడీ మేడమ్ నన్ను పిలిచి డిపార్ట్‌మెంట్ డేటా అంతా ఒక్కచోటికి తెమ్మన్నప్పుడు నేను బెదరలేదు. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా బారులు తీరిన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో నేను కంప్యూటర్ సైన్స్ చెప్తాను. ఏ కాలేజీ అని అడక్కండి. పొద్దున ఎనిమిదింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే పసుపుపచ్చ కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటాయి. వాటిలో ఏది ఎక్కినా ఇలాంటి డిపార్ట్‌మెంట్ ముందే దింపుతుందని నా నమ్మకం.

"అక్రెడిటేషన్‌కి నాక్ వాళ్లు వస్తున్నారు. మన దగ్గర ఒక్కో ఫైల్లో ఒక్కో లెక్క ఉంది. డీబీఎంఎస్ చెప్పేది మీరే కదా, అంతా ఒక్క డేటాబేస్‌లోకి తెచ్చేయండి" అన్నారు మేడమ్, పాలప్యాకెట్ తెమ్మన్నంత తేలిగ్గా.

డీబీఎంఎస్, అంటే డేటాబేస్‌ల పాఠం, చెప్పేది నేనే. ఆ సబ్జెక్టుకి మూలపురుషుడు ఎడ్గర్ కాడ్. ఐబీఎంలో పనిచేసిన ఇంగ్లీషాయన. 1970లో ఆయన రాసిన వ్యాసం పేరులోనే "పెద్ద ఉమ్మడి సమాచార నిధులు" అన్న మాట ఉంది. నలుగురూ వాడుకునే సమాచారాన్ని పట్టికలుగా పెట్టండి, వాడేవాడికి అది లోపల ఎక్కడ ఎలా దాచారో తెలియాల్సిన అవసరం లేకుండా చూడండి, ఒకే సంగతిని పదిచోట్ల రాసి పదిచోట్లా దిద్దుకునే పని పెట్టుకోకండి అని అందులో సారాంశం. దీనికే 1981లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఏటా మా పిల్లలు దీన్ని పది మార్కులకి రాస్తారు, నేను ఎనిమిదిన్నర వేస్తాను. రాసినవాళ్ల మార్కులు మాత్రం ఐదు ఫైళ్లలో ఐదు చోట్ల ఉంటాయి. దీపం కింద చీకటంటే మా డిపార్ట్‌మెంటే.

ముందు ఏమేం ఉన్నాయో చూద్దామని బయల్దేరాను. షేర్డ్ డ్రైవ్‌లో "స్టూడెంట్స్ ఫైనల్", "స్టూడెంట్స్ ఫైనల్ న్యూ", "స్టూడెంట్స్ అసలు ఫైనల్", "మేడమ్ చూసింది", "మేడమ్ చూసింది కరెక్టెడ్" అని వరసగా ఉన్నాయి. వీటిలో అన్నిటికన్నా తాజాది "ఓల్డ్" అనే ఫోల్డర్లో దొరికింది. ఎందుకక్కడ ఉందని అడిగితే ల్యాబ్ అసిస్టెంట్, "అక్కడైతే ఎవలూ ముట్టరు సార్" అన్నాడు. సెక్యూరిటీ గురించి నేను క్లాసులో చెప్పే రెండు గంటల పాఠం కన్నా ఈ ముక్కే నయం.

మూడో ల్యాబ్‌లో కిటికీ పక్క సిస్టం ఒకటుంది. దాని సీపీయూ మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూల రెక్కలు. దసరాకి ఆయుధపూజ చేసి ఆ బొట్టు అలాగే ఉంచేశారు. మానిటర్ మీద సెలోటేపుతో అంటించిన కాగితం: "దయచేసి ఆపవద్దు". ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలీదు, కాగితం మాత్రం టీ రంగులోకి తిరిగింది. లోపల విజువల్ ఫాక్స్‌ప్రోలో చేసిన ఫీజుల ప్రోగ్రాం నడుస్తోంది. ఫాక్స్‌ప్రోకి ఆఖరి వెర్షన్ 2004లో వచ్చింది, 2015లో మైక్రోసాఫ్ట్ సపోర్టు కూడా ఆపేసింది. మా దగ్గర ఆ కబురు ఇంకా ఆ సిస్టం దాకా చేరలేదు. రోజూ పొద్దున రసీదులు కొడుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరోజు కూడా సెలవు పెట్టని ఉద్యోగి అదొక్కటే.

ఇంకొకటి యాక్సెస్ ఫైలు. పాత బ్యాచ్‌ల ప్రాజెక్టులు, గైడ్ల పేర్లు, అన్నీ అందులోనే. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. దాన్ని చేసినాయన ఉద్యోగం మానేసి డాలస్ వెళ్లిపోయాడు. అక్కడ ఆయనిప్పుడు ఏదో పెద్ద బ్యాంకుకి డేటా ఆర్కిటెక్టు అని లింక్డిన్ చెప్తోంది. వాళ్లకి రాత్రయ్యే వేళ చూసి వాట్సాప్ కాల్ చేశాను. కుశలప్రశ్నలు, పిల్లల చదువులు, గ్రీన్‌కార్డు లైను ఎంతదాకా వచ్చిందో, ఇక్కడ నాదర్‌గుల్‌లో గజం ఎంతుందో, ఇవన్నీ అయ్యాక పాస్‌వర్డ్ సంగతి ఎత్తాను. ఆయన కాసేపు ఆలోచించి, "పాస్‌వర్డేం లేదు సార్. స్పేస్ బార్ ఒకసారి కొట్టి ఎంటర్ నొక్కండి" అన్నాడు. పదేళ్లుగా ఆ ఫైలు ముందు కూర్చుని పుట్టినరోజులు, పెళ్లిరోజులు, హీరోల పేర్లు కొట్టి చూసిన సహోద్యోగుల్ని తలచుకుంటే జాలేసింది.

ఇవి కాక ఎగ్జామ్ బ్రాంచిది ఒక పట్టిక, అటెండెన్స్‌ది ఒకటి, లైబ్రరీది ఒకటి, ప్లేస్‌మెంట్ సెల్‌ది ఒకటి, స్కాలర్‌షిప్‌లది ఒకటి. అన్నిటికీ పైన ఫీజు కౌంటర్ అంకుల్ గారి లాంగ్‌నోట్‌బుక్. దాని అట్ట మీద లక్ష్మీదేవి బొమ్మ, లోపల నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఇంకుల్లో మూడు రకాల రాతలు. దాని సంగతి తర్వాత.

మొదటి ప్రశ్న చిన్నదే అనుకున్నాను: రెండో సంవత్సరం బి సెక్షన్లో ఎంతమంది పిల్లలున్నారు?

ఎగ్జామ్ బ్రాంచి సార్ 61 అన్నారు. అటెండెన్స్ రిజిస్టరు 64 అంది. ఫీజు కౌంటర్ 68. లైబ్రరీ మేడమ్ 73. మంజూరైన సీట్లు 60.

ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారనుకుని రెండు రోజులు తలుపు తలుపూ తట్టాను. తీరా చూస్తే అందరూ సత్యహరిశ్చంద్రులే. ఫస్టియర్లో 60 మంది చేరారు. ముగ్గురు డీటెయిన్ అయి జూనియర్లతో కూర్చుంటున్నారు. ఇద్దరు కాలేజీ వదిలేశారు. మిగిలింది 55. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో ఆరుగురు నేరుగా సెకండియర్లో దిగారు, 61. పై బ్యాచ్‌లో డీటెయిన్ అయి రీఅడ్మిషన్ మీద వచ్చినవాళ్లు ముగ్గురు, 64. క్లాసులో కూర్చునేది 64 మంది గనక అటెండెన్స్ రైటు. ఆ రీఅడ్మిషన్ ముగ్గురి హాల్‌టికెట్లూ పాత బ్యాచ్‌వి గనక ఎగ్జామ్ బ్రాంచి వాళ్లని పాత బ్యాచ్‌లోనే చూస్తుంది, అందుకని 61 రైటు. డీటెయిన్ అయిన ముగ్గురి బాకీలూ ఈ బ్యాచ్ పేరు మీదే ఉన్నాయి, వదిలేసిన ఇద్దరిలో ఒకడి సర్టిఫికెట్లు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. ఫీజు కౌంటర్ దృష్టిలో బాకీ ఉన్నంతవరకూ మనిషి ఉన్నట్టే. 68 రైటు. ఇక లైబ్రరీకి ఎవడు పాసయ్యాడు, ఎవడు ఫెయిలయ్యాడు అనవసరం. పుస్తకం తిరిగివ్వనివాడు శాశ్వత విద్యార్థి. ఆ 73 మందిలో ఒకడికి పెళ్లయి పాప కూడా పుట్టింది. వాడి పేరు మీద ఇప్పటికీ ఒక డేటా స్ట్రక్చర్స్ పుస్తకం ఉంది.

ఇక్కడే నాకు మా డిపార్ట్‌మెంట్ మీద కోపం తగ్గింది. ఈ చిక్కుముడి బద్ధకం వల్ల పడింది కాదు. యూనివర్సిటీ వాళ్లు అడిగినప్పుడు ఒక పట్టిక పుట్టింది, ఏఐసీటీఈ వాళ్లు అడిగినప్పుడు ఇంకొకటి, ఆడిటర్ అడిగినప్పుడు వేరొకటి, పేరెంట్ వచ్చి బల్ల గుద్దినప్పుడు మరొకటి. అడిగినవాడు పోయాడు, పట్టిక ఉండిపోయింది. మళ్లీ అడుగుతాడేమోనని ఎవరూ పారేయలేదు. మా గోడ మీద ఎర్రరంగు నంబరుకి మేం మాత్రం సున్నం వేయిస్తున్నామా?

పేర్ల దగ్గరికొచ్చేసరికి పని నెమ్మదించింది. తెలుగువాడి పేరుని కంప్యూటర్‌కి ఎక్కించడం కాడ్ గారు ఊహించని సమస్య. ఇంటిపేరు ముందుంటుంది. కొన్ని ఫైళ్లలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. కొన్ని ఫైళ్లలో అది చివరికి పోతుంది. లక్ష్మిలో ఎక్స్ పెట్టేవాళ్లు కొందరు, కెఎస్‌హెచ్ పెట్టేవాళ్లు కొందరు. సాయికుమార్ ఒకచోట ఒక్కడు, ఇంకోచోట సాయి, కుమార్ అని ఇద్దరు. ఈ తగాదాలన్నిటికీ సుప్రీంకోర్టు పదో తరగతి మెమో. అందులో ఎలా పడితే అదే పేరు. కన్నవాళ్లు పెట్టింది చెల్లదు. ఆ మెమోలో ఇంటిపేరు విడిగా లేకుండా అంతా ఒకే ముద్దగా పడిన మా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా వీసాలో పేరు లేనివాడయ్యాడు. పాస్‌పోర్టులో మొదటి పేరు ఖాళీగా ఉంటే వాళ్లు ఆ చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని వేస్తారు, మొదటి పేరు తెలియదని అర్థం. వాడి ఆఫీసులో అందరూ వాణ్ని "ఫ్నూ" అని పిలుస్తున్నారట. వాళ్ల నాన్న సత్యనారాయణ వ్రతం చేసి, పంతులుగారి చేత చెవిలో చెప్పించిన పేరు అది కాదు.

పేర్ల తర్వాత అంకెలు. ఆధార్ నంబరుకి పన్నెండు అంకెలు. ఎక్సెల్లో అలాగే కొడితే అది గణితంలోకి దిగి 2.34ఈ+11 అని చూపిస్తుంది. ఎవరో దాన్ని అలాగే ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా వేశారు. ఒక సెక్షన్లో ముప్పావు వంతు పిల్లల ఆధార్‌లన్నీ ఈ+11తోనే ముగిశాయి. బ్యాంకు ఖాతా నంబర్లది ఇంకా ఘోరం: పదిహేను అంకెలు దాటితే ఆపై వాటిని ఎక్సెల్ సున్నాలు చేస్తుంది, మళ్లీ రమ్మన్నా రావు. 2008 నుంచీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకుంటున్న పిల్లల రాష్ట్రం మనది. ఒక్క అంకె సున్నా అయితే స్కాలర్‌షిప్ ఎటు పోయిందో తెలీక ఇంట్లో ఎంత రాద్ధాంతం జరుగుతుందో నేను చూశాను.

దీనికి మేమొక్కళ్లమే సిగ్గుపడనక్కర్లేదు. 2020 అక్టోబరులో బ్రిటన్‌లో దాదాపు 16 వేల కరోనా కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం పాత ఎక్సెల్ ఫార్మాటు: అందులో 65,536 వరసల తర్వాత చోటు లేదు, మిగతావి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. జన్యు శాస్త్రవేత్తల కథ ఇంకా రుచికరం. మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్న జన్యువుల్ని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, వాళ్లు ఎక్సెల్‌తో పోరాడీ పోరాడీ, 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ప్రాణికోటి తలవంచింది, ఎక్సెల్ వంచలేదు.

ఆ ఊపులో నేను మా మండలంలో ఎక్కడైనా తప్పుల్లేని డేటాబేస్ ఉందా అని ఆలోచించాను. ఉంది. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం లిస్టు. 1994లో 450 రూపాయలతో మొదలైంది, ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. ఏడాదికి ఒకే వరస. సంవత్సరం, పాడుకున్నవారి పేరు, ధర. ఒకే పేరు రెండేళ్లు వచ్చినా గందరగోళం లేదు, ఎందుకంటే ఏడాది రెండుసార్లు రాదు. 2020లో కరోనా వల్ల వేలం జరగలేదు, అక్కడ ధర లేదు. ఎవరూ దాన్ని సున్నా అని నింపలేదు. ప్రైమరీ కీ, నల్ వాల్యూ ఈ రెండూ చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ అమెరికా పాఠ్యపుస్తకంలోనూ లేదు. మరుసటి క్లాసులో వాడాను కూడా. ఆఖరి బెంచీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అసలు చిక్కు సాంకేతికం కాదని మూడో వారానికి తేలిపోయింది. పట్టికలన్నీ కలపొచ్చు. తమ పట్టిక వదులుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? "సార్, మీరు కొత్తది చేసుకోండి, వద్దనట్లే. నాది నా దగ్గరుంటది" అన్నారు ఎగ్జామ్ బ్రాంచి సార్. ప్లేస్‌మెంట్ మేడమ్ కాపీ ఇస్తానన్నారు, అసలుది ఇవ్వనన్నారు. రెండూ ఒకటే కదా మేడమ్ అంటే ఆవిడ నన్ను అనుమానంగా చూశారు.

వాళ్లనేం అనగలం? ఈ రాష్ట్రంలో భూమి రికార్డుల చరిత్రంతా ఇదే. పట్వారీ ఇంట్లో చెక్కపెట్టెలో గుడ్డమూటల్లో ఊరి భూమంతా ఉండేది. ఏ చేను ఎవరిదో చెప్పే పహాణీ చూడాలంటే ఆయన అరుగు మీద కూర్చోవాలి. 1984లో ఎన్.టి. రామారావు పటేల్, పట్వారీ పదవుల్ని రద్దు చేశారు. పదవి రద్దయితే పోతుంది, పెట్టె అంత సులువుగా పోదు. తర్వాత గ్రామ రెవెన్యూ అధికారులు, అంటే వీఆర్వోలు వచ్చారు. 2020 సెప్టెంబరు 7న ఆ వ్యవస్థకీ మంగళం పాడుతూ, ఆ రోజు పొద్దుగూకేలోపే వాళ్ల దగ్గరున్న రికార్డులన్నీ స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకి ఉత్తర్వులు వెళ్లాయి. అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, తహసీల్దారే రిజిస్ట్రారయ్యాడు, రెవెన్యూ పట్టిక, రిజిస్ట్రేషన్ పట్టిక ఒక్కటయ్యాయి. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి ధరణి కుర్చీలో కూర్చుంది. ఇప్పటికీ మావైపు ఎవరికైనా భూతగాదా వస్తే వకీలు మొదట అడిగేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఎన్ని పోర్టళ్లు వచ్చినా చివరికి ఆ చెదలు పట్టిన కాగితమే పెద్దమనిషి.

మా మేడమ్ కూడా వీఆర్వోల పద్ధతే ఎంచుకున్నారు. "శుక్రవారం నాలుగింటికల్లా అందరూ మీ మీ ఫైళ్లు డీబీఎంఎస్ సార్‌కి అప్పజెప్పాలి" అని సర్క్యులర్ తీశారు. నాలుగింటికి నా బల్ల మీద పెన్‌డ్రైవ్‌లు ఏడు, అందులో వైరస్ ఉన్నవి రెండు, శనక్కాయ చిక్కీ పొట్లం ఒకటి. చిక్కీ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం రెవెన్యూ వాళ్ల దగ్గర ఒక విద్య అరువు తెచ్చుకున్నాను. 2017లో భూరికార్డుల ప్రక్షాళన చేసినప్పుడు పేచీ లేని భూముల్ని పార్ట్-ఎలో, పేచీ ఉన్నవాటిని పార్ట్-బిలో పెట్టారు. నేనూ అలాగే, అన్ని ఫైళ్లలో పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ కలిసిన పిల్లల్ని పార్ట్-ఎలో వేసి, మిగతావాళ్లని పార్ట్-బిలోకి నెట్టాను. భూముల్లో పార్ట్-బి కింద పడ్డ రైతుల పాట్లు అందరికీ తెలిసినవే. మా దగ్గరా కబురు పాకి, "సార్, నేను పార్ట్-బి అంట, నాకు హాల్‌టికెట్ రాదా?" అని పిల్లలు స్టాఫ్‌రూం ముందు క్యూ కట్టారు. ఒకమ్మాయి వాళ్ల నాన్నని వెంటబెట్టుకొచ్చింది. ఆయన తలుపు దగ్గరే చెప్పులు విడిచి లోపలికొచ్చి, "మా పొలం గూడ పార్ట్-బిలనే వడ్డది సార్. బిడ్డనన్న ఎల్లదియ్యుండ్రి" అన్నాడు. ఆ పూటే ఆ పేరు మార్చి "పరిశీలనలో" అని పెట్టాను.

ఈ పనిలో నాకు తోడుగా కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ని వేశారు. బంగారంలాంటి కుర్రాడు, నార్మలైజేషన్ భక్తుడు. మూడో నార్మల్ ఫార్మ్‌కి తక్కువ దేన్నీ ముట్టడు. పట్టికల్ని కోసి, చీల్చి, ఒక్కో సంగతి ఒక్కోచోట పడేలా వైట్‌బోర్డు నిండా గీతలు గీశాడు. అందంగానే ఉంది, కాదనను. ఆ బోర్డు తుడవొద్దని స్వీపర్ అక్కకి చెప్తే ఆవిడ, "గా ముగ్గు బాగున్నది సార్, తుడువ" అంది.

గొడవ ఫీజు అంకుల్ నోట్‌బుక్ దగ్గర మొదలైంది.

అంకుల్ ముప్ఫై ఏళ్లుగా కౌంటర్లో ఉన్నారు. ఆయన నోట్‌బుక్‌లో పేరు, ఫీజు, కట్టింది, బాకీ. వీటి కుడిపక్కన పేజీలో సగం ఆక్రమించి రిమార్కుల కాలమ్. కుర్రాడు చదువుకుంటూ పోయాడు. "సెకండ్ టర్మ్ వడ్లు అమ్మినంక." "తండ్రి లేడు, మేనమామ వస్తడు, ఈ నంబరు మేనమామది కాదు." "డీటెయిన్, కానీ మేడమ్ కూసోనియ్యుమన్నది." "ఇద్దరు శ్రీనివాసులు, ఈయన పొడుగు." "ఫోన్ చేయొద్దు, తల్లికి పాణం బాలేదు, పిలగాన్నే అడగాలె." "సర్టిఫికెట్ ఇయ్యిండ్రి అని చైర్మన్ సార్ నోటితోని చెప్పిండు, కాగితం లేదు."

"ఇది అటామిక్ కాదు సార్" అన్నాడు కుర్రాడు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్నది మొదటి నార్మల్ ఫార్మ్ నియమం. అంకుల్ గారి ఒక్కో గడిలో ఒక్కో సంసారం ఉంది. "వీటిని మైగ్రేట్ చేయలేం. డ్రాప్ చేద్దాం."

మేడమ్ కూడా సరే అన్నారు. నాక్ ఫార్మాటులో రిమార్కులకి చోటు లేదు కదా అన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఆ పార్ట్-బి పిల్లల్లో సగంమంది చిక్కు విడదీసింది ఆ రిమార్కుల కాలమే. అరవై ఒకటికీ అరవై ఎనిమిదికీ మధ్య తేడా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, అంకుల్ ఆకుపచ్చ ఇంకు చెప్పింది. భూమి రికార్డుల్లోనూ ఇదే జరిగింది. పాత పహాణీలో ముప్ఫైకి పైగా కాలమ్‌లుండేవి, వాటిలో పట్టాదారు పక్కన అనుభవదారు ఒకటి. కాగితం ఎవరిపేరున ఉన్నా, ఆ చేలో నాగలి పట్టి దున్నుతున్నది ఎవరో అందులో రాసేవారు. రికార్డు శుభ్రంగా ఉండాలని ధరణిలో ఆ కాలమ్ తీసేశారు. శుభ్రమైంది. దున్నుతున్నవాడు మాత్రం పొలంలోనే ఉన్నాడు, రికార్డులో లేడు. ఎన్ని కోర్టు కేసులకి అది మూలమైందో మా వీధిలో ఉన్న వకీలుగారి రెండో అంతస్తు చూస్తే తెలుస్తుంది.

ఇదంతా చెప్తే కుర్రాడు మొహం ముడుచుకుని, రిమార్కులకి ఒక్క కాలమ్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. 255 అక్షరాలు, ఆపై ఒక్కటి కూడా లేదు. "అంతకన్నా ఎక్కువ రాయాల్సిన అవసరం ఎవరికుంటుంది సార్?" అన్నాడు. పెళ్లి కాలేదు పాపం.

కొత్త డేటాబేస్ మొదలైన రోజు అంకుల్ని సిస్టం ముందు కూర్చోబెట్టాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ తెలుగులోనే కొట్టడం మొదలుపెట్టారు. ఓ పది నిమిషాలకి ఆగారు.

"సార్, ఇది ముంగటికి పోతలేదు."

వెళ్లి చూశాం. "తండ్రి లారీ డ్రైవర్. నెలనెలా ఇస్తనన్నడు. రెండు నెలలు ఇచ్చిండు, మూడో నెల లారీ నాగ్‌పూర్ కాడ ఆగిపోయిందన్నడు. బాలాపూర్ లడ్డూ వేలం నాడు గుడికాడ కలిసిండు, ఇంక కొన్ని నెలలు జర ఆగుమన్నడు. ఇయ్యాల పొద్దున తల్లి వచ్చింది, గాజులు లేవు చేతులకు. మిగిలిన పైసలు మొత్తం క"

అంతే. అక్కడికి 255 నిండాయి.

"క ఏంది అంకుల్? కట్టిందా, కట్టలేదా?" అన్నాడు కుర్రాడు.

"అదే రాద్దమంటే మీ మిషిన్ ఇనదాయె" అన్నారు అంకుల్.

తెలుగువాడి వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుందని ఆ కుర్రాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏం మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, టేబుల్ డిజైన్ తెరిచి, 255 చెరిపేసి నావైపు చూశాడు. నేను అంకుల్ వైపు చూశాను.

"ఎంత పెట్టమంటారు అంకుల్?"

ఆయన నోట్‌బుక్ మూసి, అట్ట మీది లక్ష్మీదేవిని కళ్లకద్దుకుని, లేచి కౌంటర్ వైపు నడుస్తూ అన్నారు. "నాకు ఇంక నాలుగేండ్ల సర్వీసున్నది. దానికి సరిపోయేటట్టు పెట్టుండ్రి."